పులుసు డబ్బా సాక్ష్యం

పటేల్‌గూడ మలుపులో ప్రతి ఆదివారం చేపల గంప దించే పెంటయ్యకు మొండితనం ఎక్కువ. ఈమధ్య కొనేవాళ్లు ఊరికే కొంటారా? ఏ చెరువుది, ఎప్పుడు పట్టారు, ఫ్యాక్టరీ నీళ్లు దిగే చెరువేనా అని సవాలక్ష ప్రశ్నలు. సూపర్‌మార్కెట్ ప్యాకెట్ మీదైతే ఊరూ తేదీ అచ్చేసి ఉంటాయి. గంప మీద ఏముంటుంది? అయినా అడగడం వాళ్ల తప్పు కాదు, కడుపులోకి పోయేది మరి.

పెంటయ్య దానికో ఉపాయం కనిపెట్టాడు. గంపలోంచి ఒక చేప తీసి పొద్దున్నే భార్య సుమిత్రకిచ్చి పులుసు పెట్టించుకునేవాడు. దాన్ని డబ్బాలో తెచ్చుకుని అందరూ చూస్తుండగా తినేవాడు.

"మా ఊరి చెరువు చేప. నేను తినంది మీకియ్య," అనేవాడు.

వండితే మందుల వాసనొస్తోందని ఎవరైనా నసిగితే ఒంటికాలి మీద లేచేవాడు. "నాకు రాని వాసన మీకెట్లొచ్చింది?" నిజంగానే ఆ పులుసు కమ్మగా ఉండేది.

ఆయన మాట మీద అందరికంటే ఎక్కువ గురి వెంకటరమణమ్మకు. భర్త ఉద్యోగం కోసం ముప్పై ఏళ్ల కిందట భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మొప్ప ఎత్తి చూడందే చేపను ముట్టదు. అలాంటిది ఏడాదిగా మొప్ప చూడడం మానేసి, డబ్బా చూసి కొంటోంది. వండేటప్పుడు వాసన తగిలినా తన ముక్కుదే తప్పనుకునేది.

మొన్న ఆదివారం సుమిత్ర చెల్లెలింట్లో ఉండిపోయింది. పెంటయ్యే పొయ్యి ముట్టించాడు. పచ్చిచేపలో తెలియని వాసన, ముక్కలు ఉడికేసరికి ఇల్లంతా కమ్మేసింది. మందు గోలీల వాసన. చింతపండు ఇంకాస్త పిండాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏంది సుమిత్రా, చేప గిట్లుంది?"

అటువైపు నుంచి ఏడుపు.

"ఏడాది సంది గట్లనే ఉంటది. నీకు వండేది అది కాదు. శనివారం పటాన్‌చెరు మార్కెట్ల వేరే చేప కొనుక్కొచ్చి వండుతున్న. చెప్తే నా మీద గూడ ఒర్రుతవని చెప్పలే. నీకేమన్న అయితదని భయమైంది."

"మరి నా దగ్గర కొన్నోళ్లు?"

"నా కండ్లకు నువ్వే కనబడ్డవ్."

పెంటయ్య ఫోన్ పెట్టేశాడు. ఏడాది ఆదివారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చేపలన్నీ గుంట తీసి పూడ్చిపెట్టి, ఖాళీ గంపతోనే పటేల్‌గూడ వెళ్లాడు.

ముందుగా వెంకటరమణమ్మే సంచితో వచ్చింది. "ఇవాళ చేపల్లేవా పెంటయ్యా?"

జరిగిందంతా చెప్పేశాడు. ఒక్క మాట దాచలేదు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది పెంటయ్యకు. ఆమె సంచి మడత పెడుతూ నిలబడింది.

"మా మనవరాలికి పళ్లొచ్చాక ముల్లు తీసి తొలిసారి తినిపించింది నీ చేపేనయ్యా. అప్పట్నుంచి వారం వారం అదే."

పెంటయ్య ఖాళీ గంప కింద పెట్టి అడిగాడు. "పాప మంచిగున్నదా అమ్మా?"

"ఇప్పుడు నువ్వు చెప్పేదాకా బాగుందనే అనుకున్నాం," అంది వెంకటరమణమ్మ.

ఆమె ఇంటి దారి పట్టింది. వారం వారం కొనేవాళ్లు ఇంకో పదిమంది రావాలి. పెంటయ్య ఎండలో అక్కడే నిలబడ్డాడు.