ఎవరూ తొక్కని అడవి ముగ్గు

మాఘమాసం రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. ఆ రోజుల్లో మా ఊళ్లో గడియారం చూసుకుని పని మొదలుపెట్టేది నేనొక్కదాన్నే కాబట్టి, ఈ లెక్క మీద ఎవరికీ అనుమానం అక్కరలేదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దోవలో, కొండ కింద ఊరు మాది. నేను అంగన్‌వాడీ టీచరుగా చేరి అప్పటికి రెండేళ్లయింది. చదువు చెప్పేదానికంటే ముగ్గులు వేసేదానికే నాకు పేరెక్కువ (నాకు నేను ఇచ్చుకున్న పేరు కూడా అందులో కలుపుకున్నాను). అంతకు ముందు వారం ఒక అడవి ఆఫీసరు వచ్చి, కొండమీది అడవిని కాపాడే ప్లాను ఈసారి ఊరివాళ్లతో కలిసే వేస్తామన్నాడు. నేలమీద అడవి పటం గీయాలి. అడవిలో ఎవరికి ఏ దోవ కావాలో, ఏ చెట్టు కావాలో, వాళ్లే పటంలోకి నడిచొచ్చి ఆ చోట ఒక రాయి పెట్టాలి. రాయి ఉన్న చోటు వదిలేసి, మిగతా హద్దంతా కందకం తవ్వుతారు. పటం గీసే పని నాకు అప్పజెప్పారు.

ఆ రాయి అందరికంటే ఎక్కువ అవసరమైంది మా మేనత్తకు. మామ పోయినాక ఆమె మేకల్ని నమ్ముకునే బతికింది. ఊరి వెనక సందులోంచి అవి కొండెక్కి, ఊట దగ్గర నీళ్లు తాగి, సాయంత్రానికి దిగొచ్చేవి. ఆ దోవ మూసేస్తే మేకలుండవు. మేకలు లేకుంటే అత్త పొయ్యి వెలగదు.

పటమంటే సుద్దతో నాలుగు గీతలు గీస్తే సరిపోయేది. అలా సరిపెట్టుకుంటే నేనెందుకవుతాను? బడి ముందర కళ్లాపి చల్లించి, శ్రీకాళహస్తి నుంచి రంగులు తెప్పించాను. కొండకు ఎర్రమన్ను, వాగుకూ ఊటకూ నీలం, అడవికి వేపాకు. హద్దు పొడుగునా మెలికల ముగ్గు. నడిమధ్యన పసుపూ కుంకుమా (కొండదేవతకని అందరికీ చెప్పాను గానీ, అక్కడ బోసిగా కనబడిందని పెట్టాను).

ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ముగ్గు చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ లెంపలు కూడా వేసుకుంది.

"రండప్పా, ఎవరి చోట్లో వాళ్లు రాయి పెట్టండి" అన్నాడు ఆఫీసరు. ఒక్కరూ కదల్లేదు.

"ఏమప్పా, అడవితో ఎవరికీ పని లేదా?"

"పనేమో శానా ఉండాది సార్" అన్నాడు మా నాయన. "పసుపు కుంకుమా పెట్టినాక కాలెట్ట పెట్టేది?"

"సరే, అంచునుంచే విసరండి."

ఎవరో ఒక రాయి విసిరారు. అది దొర్లుకుంటూ పోయి వాగు నీలాన్ని కొండమీదికి ఎక్కించింది. "అయ్యో, ముగ్గు సెదిరిపోతాది!" అని నేను పెట్టిన కేకకు మిగతావాళ్ల రాళ్లు చేతుల్లోనే ఉండిపోయాయి.

అత్త నా పక్కకు వచ్చింది. "ఏమే, మా సందు ఆ మూలే కదా. ఒక్క అడుగు ఏసి రాయి పెట్టేదా?"

"సారు ఫోటో తీసేదాకా ఆగత్తా. మళ్లా పెడుదువు."

"ఆ ఫోటో నా మేకలకు నీళ్లు పోస్తాదా?" అంది గానీ, రాయి కొంగులో వేసుకుని ఆగింది. నా మాట అంటే అంత గురి.

ఇంతలో అత్త పెద్దమేక జనం కాళ్ల మధ్యనుంచి దూరి ముగ్గులోకి నడిచింది. సరిగ్గా ఊరి వెనక సందు దగ్గర మొదలుపెట్టి, కొండెక్కి, దోవలో అడవిని కాస్త మేసి, ఊట దగ్గర ఆగింది. ఆ పూట సభలో తన సంగతి చెప్పుకున్నది ఆ మేకొక్కటే. మేమందరం నవ్వాం. నాయన తువ్వాలు ఝళిపించి దాన్ని తరిమాడు, అత్త దాని వెంట పరుగెత్తింది. నేను వంగి, గిట్టల గుర్తులన్నీ పిండితో పూడ్చేశాను.

ఫోటో తీశారు. "ఇంత చక్కటి పటం నేనెక్కడా చూడలేదు టీచరమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని చూస్తూ నిలబడ్డానే గానీ, అత్త దోవ సంగతి నా నోట రాలేదు. ఆమె మేకను కట్టేసి వచ్చేసరికి జీపు వెళ్లిపోయింది.

చైత్రంలో కందకం తవ్వారు, అత్త సందుకు అడ్డంగా కూడా. అందరం కలిసి ఆఫీసుకు పోతే అక్కడ కొత్త ఆఫీసరు ఉన్నాడు. పాపం, మర్యాదగానే కూర్చోబెట్టి ఆ ఫోటో చూపించాడు. "మీరు గీసిందే కదమ్మా. ఇందులో ఈ పక్క రాయేదీ?" ఫోటోలో నేను నడుంమీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాను.

అడవి బాగా పెరిగింది, అది కాదనను. అత్త మేకల్ని సంతలో అమ్మేసి, రేణిగుంటలో గోడౌను పనికి పోయింది. బస్సెక్కేటప్పుడు నేను ఏడుస్తుంటే, "ఊరుకోవే. ముగ్గు మాత్రం బలే ఏసినావు" అంది. ఎగతాళి చేసిందో, మెచ్చుకుందో ఇప్పటికీ తేల్చుకోలేదు. అరవై దాటిన ఈ వయసులో తలుచుకుంటే, ఆ నడుంమీద చెయ్యి పెట్టుకున్న పిల్లను చూసి నవ్వొస్తుంది. నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పోయినవి ఇవీ. మేకలు, పిల్లలతో కలిపి, పదకొండు. కొండెక్కే దోవ ఒకటి. ఊట ఒకటి. మా అత్త.