సారు తిన్నారు గానీ చూడని చేప

సమస్త వాడకట్టు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇకపై నల్లా కట్టేయకపోయినా, చెప్పులు దారికి అడ్డంగా విడిచినా అడిగేవారు లేరు. భూపాలపల్లిలో మా పక్కింటి సైన్స్ సారు మొన్న దవాఖానలో పోయారు.

ఎనిమిదితో బడి మానేసి బండి మీద చేపలమ్ముకునే నన్ను ఆయన ఇరవై ఏళ్లు సతాయించారు. కొనేది పావుకిలో, అడిగేవి గంపెడు. "మొప్పలు గింత ఎర్రగ ఎందుకుంటయ్‌రా?" తెలియదంటే, "అమ్ముడొక్కటే ఎరుకనా?" ఇవాళ మొప్పలెత్తి చూపించి మరీ అమ్ముతున్నానంటే ఆ సతాయింపు చలవే.

కొండవాగుల చలినీళ్లలో రాళ్లకు అతుక్కుని బతికే చేపను ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. ఏళ్లుగా పాఠం చెప్పడమే తప్ప చూసింది లేదు.

తెలంగాణ కోసం సమ్మె నడిచి బడులు మూతపడ్డప్పుడు, సారు తానూ సమ్మెలో ఉంటూనే పదో తరగతి పిల్లలను రోడ్డు పక్క శిబిరానికి పిలిచి చెప్పేవారు. "అది వడితోని కొట్లాడదు. బల్లపరుపు పొట్టతోని, మూతితోని రాయిని పట్టుకుంటది. చల్లటి నీళ్లల్ల ప్రాణవాయువు ఎక్కువ, గందుకే ఆడ బతుకుతది." ఆపై నా మీద పడేవారు. "చేపలమ్మెటోనివి, ఒక్కటి తేలేవా? పిల్లలకు బొమ్మ ఎన్నాళ్లు చూపాలె?"

విసుగెత్తి ఒకరోజు డబ్బాలో చేపలు తీసుకెళ్లి, కాటారం అవతలి గుట్టల వాగులో పట్టానన్నాను. ఆ రోజు రోడ్డు మీదే వంటావార్పు. సారు పిల్లలను పోగు చేసుకొచ్చేలోపు వంట చేసే అక్కలు డబ్బాను పులుసులోకి వంపేశారు.

సారు విస్తరి ముందు కూర్చుని ముళ్లు వేరుచేసి చూశారు. "పొట్ట గుండ్రంగున్నదేందిరా?"

"ఉడికితే ఉబ్బింది సారూ."

నన్ను నమ్మి, ఎంగిలి చెయ్యి కడుక్కొని మరీ ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆనాటి నుంచి ఎవరు కలిసినా "తిన్న గని, చూడలే" అనేవారు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

చివరికి నిజం చెప్పేద్దామనే దవాఖానకు వెళ్లాను. ఆయన మంచం ఇనుపకడ్డీకి అరచెయ్యి బల్లపరుపుగా ఆనించి, "గిట్ల పట్టుకుంటది బిడ్డా" అని నర్సమ్మకు చూపుతున్నారు. నన్ను చూసి, "ఈసారి వండనియ్యకురా" అన్నారు. చెయ్యి మాత్రం కడ్డీ మీది నుంచి తీయలేదు.

సరే సారూ అన్నాను. ఆనాడు డబ్బాలో తెచ్చినవి చెరువులో పట్టిన మామూలు పరక చేపలు. ఆ గుట్టల వాగు ముఖం నేనెన్నడూ చూడలేదు.