పెదనాన్న ఎత్తించిన దూలం

మా పక్కింటి పెదనాన్న పోయారు. పోయిన గురువారం పొద్దున చిక్కడపల్లి వెళ్ళి పాలు తెచ్చి, గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని మరి లేవలేదు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి పెద్దమ్మ ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని ఉంది.

మాకు చుట్టరికమేమీ లేదు. పాలమూరు వైపు నుంచి వచ్చి, పట్టాలు తప్పిన రైలుడబ్బాలు లేపే పనిలో రిటైరై, అశోక్‌నగర్‌లో మా పక్కన స్థిరపడ్డారు.

మా పెరట్లో చెక్క ఇల్లు మేమే కట్టుకుంటామంటే అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ముషీరాబాద్ కలప అడితి నుంచి దుంగలు దిగిన రోజు, మా ఆయన వంగి ఒకదాన్ని లేపబోతుంటే ప్రహరీ అవతలి నుంచి కేకేశారు.

"ఆగు అల్లుడా! నడుము ఇరగ్గొట్టుకుంటవా ఏంది?"

ఆ రోజు నుంచి పని ఆయన చెప్పినట్టే జరిగింది. దుంగను మొత్తంగా ఎత్తనిచ్చేవారు కాదు. ఒక కొస గునపంతో కాస్త లేపి కింద చెక్క పెట్టడం, తర్వాత రెండో కొస. గోడ మీదికైతే రెండు వాసాలు ఏటవాలుగా ఆనించి, దుంగకు తాళ్ళు చుట్టి, గోడ అవతల నుంచి లాగేవాళ్ళం. అది దొర్లుకుంటూ ఎక్కేది. దాని కింది వైపు ఎవరూ ఉండకూడదు. లాగమనే మాట, ఆపమనే మాట ఆయనొక్కరిదే. మేం హడావిడి పడితే, "దానికేం తొందర లేదు బిడ్డా, మనకే ఉన్నది" అనేవారు.

కప్పు మోసే పెద్ద దూలం ఎక్కించే రోజు మా తమ్ముళ్ళిద్దరూ సాయం వచ్చారు. మా ఆయన పట్టు కోసం తాడును చేతికి చుట్టుకున్నాడు. పెదనాన్న పని ఆపించి, "ముందు అది ఇప్పు" అన్నారు. విప్పాకే లాగమన్నారు. దూలం సగం ఎక్కేసరికి ఒక తాడు తెగింది.

"ఇడిసిపెట్టుండ్రి!"

వదిలేశాం. దూలం దొర్లిపడి ప్రహరీని కూల్చేసింది. మా ఆయన అరచేయి ఒరుసుకుపోయింది, అంతే. ఇవాళ మనిషి ఇంట్లో తిరుగుతున్నాడంటే ఆయన తాడు విప్పించడం వల్లే, ఆ కేక వల్లే.

పెదనాన్న ఇటుకల మీద కూలబడ్డారు.

"నా దోస్తు గిట్లనే పోయిండు. చేతికి తాడు చుట్టుకున్నడు. ఇడువుమని ఎవ్వలం అనలే."

పక్కనే ఉన్న పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అన్నేళ్ళ కాపురంలో ఆమెకూ ఆ సంగతి చెప్పలేదట.

కొత్త తాళ్ళు తెచ్చాక, ప్రతి మూరా తడిమి చూసి, అదే దూలాన్ని మళ్ళీ ఎత్తించారు. అది గోడ మీద కూర్చున్నాక, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం తడిసి ముద్దై మా చెక్క ఇంట్లోకి వచ్చారు. తువ్వాలు ఇవ్వబోతే చేయెత్తి ఆపారు. పెంకుల మీద వాన పడుతోంది. కళ్ళు మూసుకుని, తెల్లటి జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, ఆ చప్పుడు వింటూ గది నడుమ, ఆ దూలం కింద అలాగే నిలబడ్డారు.