మా అత్త వాకిలి వాటం

మా అత్తకు వాకిలి మీదున్న ప్రేమ కన్నకొడుకు మీద కూడా లేదని, నారాయణఖేడ్‌కు కాపురానికి వచ్చిన మొదటి వానాకాలంలోనే నాకు తెలిసిపోయింది. ఎనభైల మొదట్లో సంగతి. మాది మట్టిగోడల పెంకుటిల్లు. వీధి దర్వాజకూ ఇంటికీ నడుమ వాకిలి. ఆ వాకిలికి వారం వారం పేడ, ఎర్రమన్ను కలిపి అలుకు. దసరాకైతే బండెడు ఎర్రమన్ను దిగాల్సిందే. దర్వాజ దగ్గర కుప్ప పోయించి, అక్కడి నుంచి పరుచుకుంటూ ఇంటివైపు వచ్చేది. వీధిలో పోయేవాళ్ల కన్ను పడేది దర్వాజ దగ్గరే కాబట్టి అక్కడ మందంగా, నున్నగా పరిచేది. చూరు కిందికి చేరేసరికి మన్నూ అయిపోయేది, ఆమె నడుమూ పడిపోయేది. గోడ పక్కన నాలుగు పూతలు పూశాననిపించుకుని లేచేది.

ఇట్లా ఏళ్ల తరబడి చేస్తే ఏమవుతుంది? దర్వాజ దగ్గర నేల పెరుగుతూ పోయింది, ఇంటి గోడ దగ్గర పల్లంగా మిగిలింది. వాన పడితే వాకిలి నీళ్లన్నీ నేరుగా వచ్చి గోడ మొదట్లో నిలిచేవి. ఆ గోడకు లోపలివైపు ఆమె మంచం. ఆమెకేమో దమ్ము జబ్బు. గోడ సగం దాకా చెమ్మ ఎక్కి గదంతా ముక్కిన వాసన కొట్టేది. ఆమె పడుకోలేక, కూర్చోలేక, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే చూడలేకపోయేదాన్ని. మంచం ఇటు జరుపుతానంటే వినదు.

"ఈ ఇంట్లకొచ్చినకాంచి గీడనే పండుకుంటున్న. ఇప్పుడేడికి పోవాలె?" అనేది.

దవాఖానకు తీసుకుపోయి సూది వేయించడం మా ఆయన పని. కషాయం కాచడం, వీపు నిమరడం నా పని. గోడ తడవకుండా చూడడం మాత్రం ఎవరి పనీ కాదు.

ఆయన అసలేమీ చేయలేదని కాదు. చేసినవన్నీ ఇంకా కొంప ముంచేవే. ఒక ఏడు గోడను ఆనించి కాలువ తవ్వించాడు. కాలువ సరే, దాని నీళ్లు ఎటు పోవాలి? రెండు కొసలకూ పక్కిళ్ల గోడలే. అంతకుముందు గోడ ముందు పలచగా పరుచుకునే నీళ్లు ఇప్పుడు బుద్ధిగా కాలువలో గోడను ఆనుకుని చేరి, ఎండేదాకా దోమలను పెంచాయి. మరుసటి ఏడు గోడ మొదట్లో సిమెంటు పూయించాడు. తాగిన తడి బయటికి పోయే దారిలేక లోపలివైపు నుంచి మన్ను పెళ్లలుగా ఊడి అత్త దిండు మీద పడింది. దానికాయన సిమెంటు అమ్మిన దుకాణదారుణ్ని తిట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒకనాడు ఆయన్ను పిలిచి, ఎదురుగా నిలబెట్టి, దర్వాజ దగ్గర బిందెడు నీళ్లు కుమ్మరించాను. నీళ్లు ఎక్కడా ఆగకుండా వచ్చి గోడను తాకాయి.

"చూసిండ్రా? దర్వాజ కాడ మన్ను తీసి గోడ కాడ పొయ్యాలె. గంతే," అన్నాను.

ఆయన నీళ్లను చూశాడు, నన్ను చూశాడు. "వాన నీళ్లు వేరు, బిందె నీళ్లు వేరు," అని చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. బట్టల దుకాణంలో రోజంతా గజాలు కొలిచే మనిషికి కంటి ముందున్న ఎత్తుపల్లాలు కనిపించవా అని తల పట్టుకున్నాను.

లోపలి నుంచి అత్త అంతా వింటూనే ఉంది. "నా ఆకిట్ల పార వెట్టినవంటే నేను ఈ ఇంట్ల ఉండ," అంది. ఆ మాట అనడానికి కూడా ఆమెకు ఊపిరి చాలలేదు.

ఆ ఎండాకాలం చివర ఆమె కల్హేర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. అక్కడి నుంచి ఇద్దరూ బోరంచకు వెళ్లి నల్లపోచమ్మకు మొక్కు తీర్చుకుని వస్తామన్నారు. బస్సు కదలగానే నేను ఇద్దరు కూలి ఆడవాళ్లను పిలిచాను, నేనూ కొంగు బిగించాను. దర్వాజ దగ్గర తవ్వుతుంటే మన్ను పొరలు పొరలుగా లేచింది, ఒక్కొక్క దసరా ఒక్కొక్క పొర. ఒక్క తట్ట కూడా బయట పారేయలేదు. ముందు ఆ దిక్కుమాలిన కాలువ పూడ్చాం. మిగిలిందంతా గోడ మొదట్లో పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టాం. గోడ దగ్గర ఎత్తు, అక్కడి నుంచి దర్వాజ దాకా ఏటవాలు. దర్వాజ పక్కన ప్రహరీ గోడకు బొక్క పెట్టి వీధి మోరీలోకి దారి ఇచ్చాం. పైన అలికి ముగ్గు కూడా వేశాను. మా ఆయన చూసి, "అమ్మొచ్చిన దినం నేను దుకాణంలనే ఉంట," అన్నాడు. అన్నట్టే ఉన్నాడు.

అత్త వచ్చింది. దర్వాజ దాటి అలవాటు కొద్దీ వేసిన అడుగుకు నేల అందక తూలింది. చౌకట్టు పట్టుకుని నిలబడి చుట్టూ చూసింది.

"నేనొచ్చిననాడు గిది గుంత. ఊరి నీళ్లన్ని మా ఇంట్లకే వస్తుండె. గుంతింటోళ్లని నవ్విండ్రు నన్ను. తట్ట తట్ట మోసి లేపిన ఆకిలిని మల్ల గుంత జేసినవ్!"

ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. నేను వండింది ముట్టలేదు. ఆయాసపడుతూనే తన జొన్నరొట్టె తానే కొట్టుకుంది. మనిషి బతకాలని చేస్తే మన్ను కోసం అలిగే ఈమెను ఏం చేయాలో తోచక, గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను.

తర్వాత పెద్ద వాన పడింది. నీళ్లు గోడవైపు తిరిగైనా చూడకుండా దర్వాజ దిక్కు పరుగెత్తి మోరీలో పడ్డాయి. వాన తగ్గీ తగ్గగానే ఎదురింటామె దర్వాజలోకి వచ్చి, "ఏందక్కా, మీ నీళ్లన్ని మా గడప ముంగటికెల్లి పోతున్నయి! మీ కోడలికి గీ అకల్ ఎవరిచ్చిండ్రు?" అని అరిచింది.

నేను లేచేలోపే అత్త మంచం దిగి పోయింది. "మోరీల పోతున్నయి గద, నీ ఇంట్ల పోతున్నయా? నా కోడలు మంచిగనే జేసింది. పో!" అంది.

లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు. చెయ్యి పొడిగానే ఉంది. నేను పొయ్యి దగ్గర పిండి కలుపుతూ చూసీచూడనట్టు చూస్తున్నాను.

"నాగ్గూడ ఒక రొట్టె కొట్టు," అంది. నేను పెనం పెడుతుంటే మళ్లీ తనే, గోడవైపే చూస్తూ అంది. "మా అత్త సచ్చేదాంక నేను పార ముట్టలే పిల్లా. గన్నేండ్లు నీళ్లల్లనే పండుకున్న."