చెరకు తోట మీద ఎగిరిన నిమ్మకాయ

గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు. అయినా డాబా మీద ఆరేసిన మా ఆయన లుంగీ మెల్లగా లేచి, ఎవరో లోపల కాళ్లు దూర్చుతున్నట్టు ఉబ్బింది. మునిమాపు వేళ బట్టలు తీయడానికి వెళ్లిన నాకు, కొంప నిజంగానే మునిగిందనిపించిన క్షణం అది. తల ఎత్తితే చీకటి పడుతున్న ఆకాశంలో రెండు ఎర్రటి కళ్లు, రెండు పచ్చటి కళ్లు. వాటి కింద ఉరేసుకున్నట్టు ఊగుతూ ఒక నిమ్మకాయ.

మీరు భయపడకండి. ఆ పని మీ వంతు కూడా నేనే చేసేశాను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఇప్పటికీ ఫ్యాన్ చప్పుడుకు తల పైకెత్తుతున్నాను.

ఆ వేసవిలో మా జహీరాబాద్‌లో పిల్లలకు డ్రోన్లు, చిన్న రాకెట్లు నేర్పే శిబిరం పెట్టారు. తొమ్మిదో తరగతి చదివే మా శ్రావ్య చేరింది. డ్రోన్ బాగా నడిపినవాళ్లను రాకెట్ల జట్టులోకి తీసుకుంటారట. పరీక్ష మర్నాడే. ఇంట్లో సాధన చేసుకోమని సార్ శిబిరం డ్రోన్‌ను నమ్మి ఇచ్చాడు. "పోగొట్టినవనుకో బిడ్డా, జట్టు సంగతి మర్చిపో" అని కూడా చెప్పి పంపాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. పైగా పక్కింటి శివమ్మక్క గోడ మీంచి తొంగిచూసి, "నీ బిడ్డ విమానం నడుపుతదంట గద! ఊరి కండ్లన్నీ దాని మీదనే ఉన్నయి" అంది. అయిపోయింది. నేను బీఎస్సీ చదివాను. నేర్చుకున్న భౌతికశాస్త్రమంతా మూట కట్టుకుని, హైవే మీద ముంబై బస్సెక్కి వెళ్లిపోయింది.

మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తారు. మా వైపు కొత్త ట్రాక్టర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి, చక్రం కింద ఇంకో నిమ్మకాయ పెట్టి తొక్కిస్తే గానీ బండి కదలదు. అంత ఇనుముకే దిష్టి తగిలితే, పళ్లెమంత డ్రోన్ ఏం తట్టుకుంటుంది? శ్రావ్య డాబా మీద డ్రోన్ పెట్టి, రెక్కలు, బ్యాటరీ అన్నీ సరిచూసుకుని, తమ్ముడు విక్కీని పిలవడానికి కిందికి దిగింది. నేను దొంగలా వెళ్లి, నల్లదారంతో నిమ్మకాయా పండు మిరపకాయలూ దాని పొట్ట కింద కట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వచ్చేశాను. దారం కాస్త పొడుగైంది. ఆ కాస్తే నా కొంప ముంచింది.

కాసేపటికి డాబా మీంచి శ్రావ్య కేక. "అమ్మా! తెర మీద పచ్చటి మొహం! ఎర్ర నాలుకలు ఆడిస్తున్నది!"

డ్రోన్ చెరకు తోట మీదికి వెళ్లగానే నిమ్మకాయ ఊగి కెమెరాకు అడ్డం పడిందని నాకొక్కదానికే తెలుసు. నేను మెట్ల దగ్గరికి చేరి సంగతి చెప్పేలోపే శ్రావ్య వెనక్కి పిలిచే మీట నొక్కింది. పచ్చటి మొహం కదల్లేదు. "చెరుకుల పడ్డట్టుంది! నా జట్టు పోయింది!" అని ఏడుస్తూ, విక్కీని లాక్కుని తోట వైపు పరుగెత్తింది.

అంతలో శివమ్మక్క రొప్పుతూ వచ్చింది. "చెరుకు మీద నిమ్మకాయ ఉత్తగనే ఎగురుతున్నది! బాణామతి! ఎవరో చేయించిన్రు!"

"నేనే కట్టిన శివమ్మక్కా, డ్రోనుకు" అన్నాను గొంతు తగ్గించి.

"నువ్వు కట్టినవ్ సరే. నడిపే పిల్ల ఏడ్చుకుంట ఉరుకుతున్నది గద. మరి దాన్నిప్పుడు నడిపేదెవరు?"

బట్టలు తీయాలన్న వంకతో ఆమెను తప్పించుకుని డాబా ఎక్కాను. ఎక్కగానే లుంగీ లేచింది.

అది నా నెత్తి మీదే నిలబడి ఉంది. మెల్లగా దిగింది. ఆగింది. మళ్లీ లేచింది. ఊపిరి తీసుకుంటున్నట్టు. మూలనున్న చీపురు అందుకుని ఎత్తాను. అది పైకి పోయింది. దించాను. కిందికొచ్చింది.

"ఎవరు నువ్వు?" అన్నాను.

గుయ్యిమంది.

"ఏం గావాల్నే నీకు?"

ఇంకొంచెం దిగింది.

"నా బిడ్డను ముట్టకు. గావాల్నంటే నన్ను తీస్కపో!"

మెట్ల మీద అడుగుల చప్పుడు. "అమ్మా, చీపురు దించు! బ్యాటరీ అయిపోతున్నది, పడి పలుగుతది!"

సందులోంచి డ్రోన్ ఎర్ర, పచ్చ దీపాలు చూసి శ్రావ్య వెనక్కి పరుగెత్తుకొచ్చిందట. మీట నొక్కితే డ్రోన్ తానే లేచిన చోటికి తిరిగొస్తుంది. కింద ఏదైనా అడ్డముందనిపిస్తే మాత్రం దిగదు. పొట్ట కిందేమో నిమ్మకాయ, దాని కింద చీపురుతో నేను. పాపం, ఇంటికొచ్చిన దాన్ని గుమ్మంలోనే నిలబెట్టాను.

శ్రావ్య మీటలు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, దాన్ని అంగుళం అంగుళంగా దించింది. డాబా తాకేటప్పుడు నిమ్మకాయ డ్రోన్ కాలి కింద పడి, చిట్లి, రసమంతా సరిగ్గా నా కంట్లోకి కొట్టింది.

గోడవతల నుంచి శివమ్మక్క గొంతు వినిపించింది. "తొక్కించుడు గూడ అయింది. ఇగ బండి పూజ పూర్తయినట్టే!"

డ్రోన్‌కు గీత కూడా పడలేదు. శ్రావ్య సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వి, "రేపు పరీక్షకు రా. సరిచూసుకున్నంక మాత్రం ఎవ్వరినీ దాని దగ్గరికి రానియ్యకు. మీ అమ్మనైనా సరే" అన్నాడట.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఉప్పు డబ్బా మీద చెయ్యి పెట్టాను. "ఈ జన్మల డ్రోనుకు గాని, రాకెట్టుకు గాని, నిమ్మకాయ కట్ట. ఒట్టు."

"పక్కానా?" అన్నాడు విక్కీ.

"పక్కా. భయం నాది, మిషన్‌ది కాదు. ఇగ భయమైతే నిమ్మకాయ పప్పుల పిండుకుంట." డబ్బా మూత తీసి గుప్పెడు ఉప్పు తీసుకున్నాను. "శ్రావ్యా, జర ఇటు నిలబడు. నువ్వు మిషన్‌వు కాదు గద."