గ్రైమ్స్ మలుపు

టెరియస్ పెట్‌వే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్. దూరంగా పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అందుకోవడం అతని పని. కాళ్లలో వేగముంది, చేతుల్లో ఒడుపుంది. ఏం లాభం? నాలుగేళ్లుగా జట్టులో ఉన్నాడు గానీ ఆటలో లేడు.

వారమంతా అతనిది వేషాల ఉద్యోగం. ఆదివారం ఎదురయ్యే జట్టులో పేరున్న రిసీవర్ నంబరు చొక్కా తొడుక్కుని, అచ్చం అతనిలాగే పరిగెత్తాలి, అతనిలాగే మలుపు తిరగాలి. తన జట్టులో అడ్డుకునేవాళ్లకు అది సాధన. ఈ పనిలో పెట్‌వేను మించినవాడు లేడని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు వింటే అతనికి ఒళ్లు మండేది. ఆట రోజున మాత్రం మామూలు బట్టల్లో గీత అవతల నిలబడాలి. ఇదీ ఒక బతుకేనా!

సొంతూరు మొబీల్ నుంచి తల్లి ఒడెస్సా ప్రతివారం ఫోన్ చేసేది.

"ఈసారైనా ఆటలో దింపుతారా నాన్నా? నీ కొడుకు టీవీలో కనబడడేమని చర్చిలో ఒకటే ఆరా. నేనేం చెప్పుకోను?"

"ఒక్క బంతి పట్టనీయమ్మా. ఒక్కటి చాలు."

ఆ నవంబరులో ఒక శనివారం, తన జట్టు అసలు రిసీవర్ మోకాలు పట్టేసింది. పెట్‌వేకు పిలుపొచ్చింది. ఆ వారమంతా అతను వేసింది ఎదుటి జట్టు రిసీవర్ గ్రైమ్స్ వేషం. గ్రైమ్స్‌కు ఒక అలవాటుంది. తిరగాల్సిన చోట తిరగడు, ఇంకో రెండు అడుగులు సాగి అప్పుడు తిరుగుతాడు.

ఆదివారం ఆట చివరి భాగంలో బంతి పెట్‌వేకే అన్నారు. పది గజాలు పరిగెత్తి బయటికి తిరగాలి, అంతే. అతని తలకు తెలుసు. కాళ్లు వింటేగా! అవి గ్రైమ్స్‌లా ఇంకో రెండు అడుగులు సాగాయి. అతను తిరగాల్సిన చోటికి బంతి వచ్చింది, అక్కడ అతను లేడు. అతన్ని కాపు కాస్తున్న ఎదుటి జట్టువాడు ముందే అక్కడికి చేరి బంతి ఎగరేసుకుపోయాడు.

"మా గ్రైమ్స్‌తో రోజూ కుస్తీ పట్టేవాణ్ని రా! నాకే వాడి మలుపు చూపిస్తావా?" అని పడీపడీ నవ్వాడు.

ఒడెస్సా ఫోన్ చేసింది. "చర్చిలో అందరూ చూశారు నాన్నా," అంది.

బుధవారం కోచ్ ఇంకొకడి నంబరు చొక్కా అతని చేతికిచ్చాడు. పెట్‌వే పళ్లు కొరుక్కుంటూ తొడుక్కున్నాడు, పరిగెత్తాడు, తిరిగాడు.

"అదీ! అచ్చు గుద్దినట్టు వాడే!" అని కోచ్ చప్పట్లు కొట్టాడు. "ఆదివారం ఇలా ఆడి చావొచ్చు కదయ్యా!"

"ఆదివారం ఇలాగే ఆడాను కోచ్," అన్నాడు పెట్‌వే.