హోల్డాన్ అన్న మాట

మా మావ చీపురుపల్లి నుంచి శ్రీకాకుళం వెళ్లే ప్రైవేటు బస్సులో కండక్టరు. బస్సు ఆపించే కేక ఆయనకు ఇంట్లోనూ పోలేదు. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "హోల్డాన్" అనేవాడు.

ఆయన పోయాక యజమాని మా అత్తకు పాసు రాసిచ్చాడు. బతికున్నన్నాళ్లూ టికెట్టు లేకుండా ఎక్కవచ్చు. ఆ అట్టముక్కను పసుపు గుడ్డలో చుట్టి బొడ్లో దోపుకునేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది అనుకుంటాను, అత్తకు దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. రెండు ముద్దలు తింటే చాలనేది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో వారానికి రెండు సూదులు, ఏడాది పాటు. మధ్యలో మానేస్తే మందు పట్టదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పొద్దుట పోయే బస్సు అదొక్కటే. మా ఊరికి కల్వర్టే స్టాపు. టికెట్టు కొనేవాళ్లుంటే ఆగేది. అత్త ఒక్కతే ఉంటే దుమ్ము కొట్టి పోయేది. అలా రెండు సూదులు తప్పాయి.

ఇంటి కోడలిని, నేనొక ఉపాయం పన్నాను. సంచి పట్టుకుని ప్రయాణం కట్టినట్టు పక్కన నిలబడ్డాను. ఆగింది. అత్త ఎక్కింది, నేను ఎక్కలేదు. కొత్త కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. రెండోసారి మా ఇద్దర్నీ చూసి, "రైట్, రైట్" అనేశాడు.

బస్సు మమ్మల్ని దాటిపోయింది. అత్త రోడ్డు మధ్యకు వచ్చి, దగ్గు దిగమింగుకుని, "హోల్డాన్" అని కేకేసింది. సాగదీసి చివర విరిచే మావ కేకే అది. బస్సు కీచుమని ఆగింది.

డ్రైవరు మావతో పదేళ్లు పనిచేసినవాడు. తల బయటపెట్టి, "ఎవుడ్రా ఓల్డాన్ అన్నాడు?" అన్నాడు.

"నానే మరిదీ," అంది అత్త, రొప్పుతూ దగ్గరకు నడిచి. "మీ అన్న కేక నీ కాలు మరిసిపోనేదు. నీ కళ్లే నన్ను మరిసిపోనాయి."

డ్రైవరు తల దించుకున్నాడు. "పాసోల్లని ఎక్కించితే టికెట్టోల్లకి సోటు సాలదని ఈడంటాడు వదినా."

"నాను సీటడిగానేట్రా? సూదికెల్లాల. నిలబడే వస్తాను."

అతను తన పక్కన ఇంజను మూత మీద గోనె మడిచి వేసి, "ఇలగ రా, కూకో" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ గోనె పాసు వాళ్లది. టికెట్టు కొన్నవాళ్లు కూర్చోబోతే డ్రైవరే లేపేవాడు. కాలు విరిగి పని మానేసి పక్క ఊళ్లో ఉంటున్న పాత క్లీనరుకూ పాసు ఉండేది. అతని ఊరు రాగానే అత్తే "హోల్డాన్" అనేది, కండక్టరు కంటే ముందు.

మరి సూది తప్పలేదు. ఏడాది తిరిగేసరికి దగ్గు పోయింది. అప్పుడు అన్నం వడ్డిస్తూ, రెండు ముద్దలకే చాలనే అత్త ఇంకా హోల్డాన్ అనదేమిటా అని గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. తలెత్తి చూసి, "ఏటే, ఆపేసినావు?" అనేది.